జేజేలు కొట్టినవాళ్ళు ఏరీ?

విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917లో ఎడింబరో సైనిక ఆసుపత్రిలో షెల్‌షాక్‌కి చికిత్స పొందుతూ రాసిన 'డిసేబుల్డ్' కవితను చాలామంది జాలి కవితగా చదివి పక్కన పెట్టేస్తారు. నిజానికి అది అభియోగపత్రం.

అందులో యుద్ధరంగం దాదాపు కనిపించదు. కాళ్ళు పోయిన ఒక కుర్రాడు చక్రాల కుర్చీలో కూర్చుని చీకటి పడడం కోసం చూస్తుంటాడు. అతను సైన్యంలో ఎందుకు చేరాడు? శత్రువు మీద పగతోనా? దేశభక్తితోనా? కాదు. ఫుట్‌బాల్ ఆట తర్వాత తాగిన మత్తులో, యూనిఫాం తనకు నప్పుతుందని ఎవరో అంటే, ఓ అమ్మాయి మెప్పు కోసం చేరాడు. వయసు చాలకపోయినా అబద్ధం చెప్పాడు. అధికారులు తెలిసే రాసుకున్నారు. సాగనంపేటప్పుడు డ్రమ్ములు, జేజేలు. తిరిగొచ్చాక పలకరించింది కొద్దిమందే. చివరికి పక్క మీదికి చేర్చే మనిషి కోసం కూడా ఎదురుచూపే.

ఓవెన్ వేలు చూపిస్తున్నది జర్మనీ వైపు కాదు, జేజేలు కొట్టిన జనం వైపు.

ఆ జనంలో మనం లేమా? 2003లో అమెరికా ఇరాక్ మీదికి వెళ్ళినప్పుడూ జేజేలకి కొదవ లేదు. టీవీ ముందు కూర్చుని "గట్టిగా బుద్ధి చెప్పాల్సిందే" అనే మనలో ఎందరు తమ పిల్లల్ని సైన్యానికి పంపుతారు? మన పిల్లలకు మెడికల్ స్కూలు, యుద్ధానికి ఎవరి పిల్లలో!

ఓవెన్ 1918 నవంబర్ 4న యుద్ధంలోనే చనిపోయాడు. వారానికి యుద్ధం ముగిసింది. కుర్చీలో ఉన్నవాడికి మాత్రం ముగియలేదు. యుద్ధం కావాలనే మిత్రులు ముందు ఒక్కటి చెప్పాలి: తిరిగొచ్చినవాణ్ణి రోజూ రాత్రి పక్క మీదికి చేర్చేది ఎవరు?