విరిగిన రథం అదే రథమా?

ఒక తరం ముచ్చటపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు తరువాతి తరం చేతిలో ఘోరప్రమాదానికి గురై నుజ్జయిందనుకుందాం. ఆ ఇనుపముద్దను ముందు పెట్టుకొని ఇంటిల్లిపాదీ వేసుకొనే ప్రశ్న ఒక్కటే: బాగు చేయించడమా, తూకానికి అమ్మివేయడమా? బీమావారి లెక్క సులభం. మన దేశంలో మరమ్మతు ఖర్చు బీమాపత్రంలో ప్రకటించిన విలువలో 75 శాతాన్ని మించితే ఆ బండిని పూర్తినష్టం క్రింద వ్రాసివేస్తారు. తండ్రి చేతి చెమట పట్టిన స్టీరింగుకు ఆ లెక్కలో పద్దు ఉండదు. ఉండకపోవడం తప్పని కూడా నేననను. వారు అమ్మినది బీమాయే గాని జ్ఞాపకం కాదు గదా! నా అభ్యంతరం బీమావారి మీద కాదు. ఆ లెక్కనే తమ లెక్కగా చేసుకొని, "కొత్త భాగాలతో కట్టిన బండి పాతబండి ఎలా అవుతుందండీ" అని తీర్పు చెప్పే పెద్దమనుషుల మీద. అంతకంటె ఎక్కువగా, ఆ మాటనే చట్టంలో వ్రాసుకున్న మన ప్రభుత్వం మీద.

కారు నడపడం రాని తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని చదువరులు నవ్వుకోవచ్చు. కాని ఈ ప్రశ్న మోటారు కంటె చాలా పాతది. పాళీభాషలోని మిళిందపఞ్హలో యవనరాజు మిళిందుణ్ణి నాగసేనభిక్షువు అడిగినది ఇదే. నీవు రథమెక్కి వచ్చినావు గదా, నొగలు రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, చట్రం రథమా? ఏదీ కాదంటాడు రాజు. అవన్నీ విడివిడిగా గాక కుప్పగా ఉంటే రథమా? అదీ కాదంటాడు. భాగాలు తగినట్లు కూడినప్పుడు వ్యవహారం కొరకు పెట్టుకున్న పేరే రథమని భిక్షువు తేలుస్తాడు. రాజు మెచ్చుకున్నాడు. అయితే ఆ రథం బోల్తాపడి, ఇరుసు విరిగి, వడ్రంగి దానికి కొత్త ఇరుసు వేసి ఉంటే ఏమని పిలవాలో వారిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ మిగిలిన సగం ప్రశ్న 1990లో లండనులో ఒక న్యాయమూర్తి ముందుకు వచ్చింది.

'ఓల్డ్ నంబర్ వన్' అని ముద్దుపేరుగల బెంట్లీ కారు ఒకటుంది. స్పీడ్ సిక్స్ జాతికి చెందినది. ఫ్రాన్సులోని లె మాన్స్‌లో జరిగే 24 గంటల పందెంలో 1929లోను, 1930లోను అదే గెలిచింది. రెండుసార్లూ వుల్ఫ్ బార్నాటో దాని సారథి. మొదటిసారి అతనికి జోడు టిమ్ బర్కిన్, రెండవసారి గ్లెన్ కిడ్‌స్టన్. బార్నాటో బెంట్లీ సంస్థకు అధ్యక్షుడు కూడా. 1932 నాటికి ఆ కారులో 8 లీటర్ల ఇంజను అమర్చి, ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో 500 మైళ్ళ పందెానికి దింపినారు. జాక్ డన్‌ఫీ, క్లైవ్ డన్‌ఫీ అనే అన్నదమ్ములు వంతులవారీగా నడిపినారు. సెప్టెంబరు 24న, తమ్ముడు క్లైవ్ చేతిలో ఉండగా, కారు ఏటవాలు కాంక్రీటు బాట పైఅంచు దాటి అవతల పడిపోయింది. క్లైవ్ అక్కడే మరణించినాడు.

తరువాత ఆ కారును పారవేయలేదు. దాన్ని మరల కట్టించి, కప్పుగల రహదారి బండిగా మార్చినారు. చేతులు మారుతూ వచ్చి చివరకు హబ్బర్డ్ అనే ఆయన దగ్గరకు చేరింది. ఆయన దాన్ని పునరుద్ధరించి, 1990లో మిడిల్‌బ్రిడ్జ్ అనే కంపెనీకి కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. కొనేవారు వెనుకంజ వేసినారు. ఇది ఆనాటి కారు కాదు, పేరు మాత్రమే మిగిలినదని వారి వాదం. వ్యవహారం కోర్టుకెక్కింది.

జస్టిస్ ఆటన్ చేసిన పని నాకు ఎంతో నచ్చింది. ముందు ఆయన భాగాల పట్టిక వేసినాడు. 1930 నాటి కారులోనివి అని నమ్మదగినవి పెడల్ షాఫ్టు, గేరుబాక్సు తొడుగు, స్టీరింగు కాలమ్ మాత్రమే. ప్రమాదం జరిగిన 1932 నాటి రూపంలోనివి మాత్రం చాలా ఉన్నాయి: ఛాసీ చట్రం, స్ప్రింగులు, ముందు ఇరుసు దూలం, 8 లీటర్ల ఇంజను వగైరా. పట్టిక చూసినవాడు ఎవడైనా కొనుగోలుదారు పక్షమే తీర్పు వస్తుందనుకుంటాడు. న్యాయమూర్తి మాత్రం పదాల దగ్గర ఆగినాడు. ఒరిజినల్, జెన్యుయిన్, అథెంటిక్ అనే మూడు ఆంగ్లపదాలను మనం ఒకే అర్థంలో వాడేస్తాం. ఆయన విడదీసినాడు. మొదటిదాన్ని మనం మూలరూపం అందాం. తయారైననాటి భాగాలతోనే ఉండడం. ఈ కారు అది కాదు. స్పీడ్ సిక్స్ జాతి లక్షణాలు చెడకుండా ఉన్న అసలుసిసలు స్పీడ్ సిక్స్ కూడా కాదు. కాని ఇది ప్రామాణికమైన ఓల్డ్ నంబర్ వన్ అవును. ఎందుకంటే ఈ కారు ఎప్పుడూ రెండుగా చీలలేదు, మాయమై మరొకచోట పుట్టలేదు. పందెపు కారుగా, ప్రమాదానికి గురైన కారుగా, రహదారి కారుగా దాని చరిత్ర తెగకుండా వచ్చింది. ఆ పేరు చెప్పుకోగల కారు లోకంలో వేరొకటి లేదు. తీర్పు హబ్బర్డ్ పక్షాన వచ్చింది.

నాగసేనుడు కూర్పును చూసినాడు, ఈ న్యాయమూర్తి కొనసాగింపును చూసినాడు. మన ఆగమశాస్త్రజ్ఞులకు ఈ రెండవది బాగా తెలుసు. గుడి జీర్ణోద్ధరణ చేయవలసి వస్తే కళాకర్షణ చేసి, బాలాలయంలో ఆరాధన తెగకుండా చూసి, రాతిపని పూర్తయ్యాక స్వామిని మరల ప్రతిష్ఠిస్తారు. యాదగిరిగుట్టలో బాలాలయంలో సాగిన పూజలు 2022 మార్చిలో ప్రధానాలయానికి తిరిగి వచ్చినాయి. రాళ్ళు చాలావరకు కొత్తవే. స్వామి కొత్తవాడని ఏ భక్తుడూ అనలేదు! శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని బదులు కట్టిన గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. అది రాయల గోపురమా అంటే మూలరూపం కాదని చెప్పవలసిందే. కాళహస్తి గోపురమా అంటే ముమ్మాటికీ అవును. ఈ రెండు జవాబులనూ కలగాపులగం చేసేవారితోనే నా పేచీ.

అయితే విరిగిన ప్రతి రథాన్నీ నిలబెట్టాలని నా వాదం కాదు. భారతం శల్యపర్వంలో యుద్ధం ముగిసిన పిదప కృష్ణుడు ముందు అర్జునుణ్ణి గాండీవంతో, అమ్ములపొదులతో సహా దిగమంటాడు. తరువాత తాను దిగుతాడు. మరుక్షణం రథం భస్మమైపోతుంది. ద్రోణ కర్ణుల అస్త్రాలకు అది ఏనాడో కాలిపోయిందని, తాను కూర్చున్నందువల్ల నిలిచిందని కృష్ణుడే చెబుతాడు. అర్జునుడు ఆ బూడిదను ప్రోగుచేయించి మరొక రథం కట్టించుకోలేదు. పని తీరిన బండిని పోనివ్వడమూ ఒక మర్యాదే. ముఖ్యంగా బండిలో మనిషి పోయినప్పుడు నిర్ణయం ఆ ఇంటివారిది. డన్‌ఫీల కుటుంబం ఆ బెంట్లీ మరల రోడ్డెక్కడాన్ని ఏ కళ్ళతో చూసి ఉంటుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలదు.

ఇందుకు ప్రతిగా మరొక ఉదాహరణ ఉంది. కారు కాదు, పడవ. డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1967 జనవరి 4న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సు మీద వేగ రికార్డు కొరకు నడుపుతూ ప్రాణాలు వదిలిన బ్లూబర్డ్ కె7. ముప్పైనాలుగేళ్ళు నీటి అడుగున ఉండి 2001లో పైకి వచ్చింది. అదే సంవత్సరం ఆయన దేహమూ దొరికింది, అంత్యక్రియలు జరిగినాయి. కుమార్తె జీనా క్యాంప్‌బెల్, కుటుంబం ఆ శకలాలను అక్కడి రస్కిన్ మ్యూజియానికి ఇచ్చి, పునర్నిర్మాణానికి ఒప్పుకున్నారు. తండ్రిని మింగిన పడవను మరల నీటి మీద చూడాలనుకోవడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు, నాకు తోచలేదు. 2018 ఆగస్టులో స్కాట్లండులోని బ్యూట్ దీవిలో అది మరల నీటిపై పరుగెత్తింది. ఆ తరువాత గొడవ వచ్చింది. మేము చేసి అమర్చిన కొత్త భాగాలు మావి గనుక పడవలో మాకూ వాటా ఉందని బాగుచేసిన బృందం అన్నది. వివాదం తీరి పడవ కానిస్టన్ చేరేసరికి 2024 మార్చి అయింది. ఇంటి బండిని ఎవరికైనా ఇచ్చి కట్టించుకొనేవారు, ఎంత స్నేహితులైనా సరే, కొత్త భాగాలు ఎవరివో ముందే కాగితం మీద వ్రాయించుకోవాలని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మమకారానికి లొంగని భాగం ఒకటుంది. అది ఇనుము. పూర్వపు కార్లలో చాలావాటికి నిచ్చెనవంటి ఛాసీ విడిగా ఉండి, దానిమీద శరీరం కూర్చునేది. అలాంటి చట్రం వంగితే మూలమూలకు కొలతలు తీసి, జిగ్గు మీద బిగించి సరిచేయవచ్చు. తరువాతి కాలపు మోనోకాక్ బండ్లలో శరీరమే చట్రం. డొక్కలో తగిలిన దెబ్బ తలుపుల చట్రం దాకా, నేలరేకు దాకా పాకుతుంది. పైకి పుట్టీ పెట్టి రంగు కొడితే కంటికి ఏమీ కనబడదు. విజయవాడ ఆటోనగరులో గాని మరెక్కడ గాని రేకు సాపుచేసే మేస్త్రీల హస్తవాసిని నేను తక్కువ చేయను. వారి సుత్తిదెబ్బలో ఒక లయ ఉంటుంది. కాని స్టీరింగు లింకులు, సస్పెన్షన్ చేతులు, ఇరుసు స్టబ్బులు వంగితే వేడిచేసి సాపుచేసి మరల బిగించడం కూడని పని. వేడికి ఉక్కు పదును పోతుంది, కంటికి అందని పగులు లోపల ఉండిపోతుంది, ఏనాడో మలుపులో తెగుతుంది. ఇక్కడ కొత్త భాగమే వేయాలి. నాన్నగారు పట్టుకున్న స్టీరింగు చక్రం మిగిలితే చాలు. దాని క్రింది రాడ్డు కూడా ఆయన నాటిదే కావాలని పట్టుపట్టడం ఆయన మనుమల మీద ప్రేమ కాదు.

ఎం.జి.బి. అనే బ్రిటిషు స్పోర్ట్స్ కారును తీసుకోండి. 1962లో మొదలై 1980 దాకా తయారైన మోనోకాక్ బండి. తయారీ ఆగిపోయాక, 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చుపరికరాలతోనే దాని శరీరాలను మరల తయారుచేసి అమ్మసాగింది. కాబట్టి పల్టీకొట్టి నలిగిపోయిన ఇంటి ఎం.జి.బి.కి కొత్త శరీరం కొని, పాత ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు, సీట్లు, మీటర్లు అందులోకి మార్చుకోవచ్చు. దేహం కొత్తది, అవయవాలు పాతవి. దీనికి పాత నంబరు ఉంటుందా? బ్రిటనులో ఎంతోకాలం పాయింట్ల పద్ధతి ఒకటి నడిచింది. ఛాసీకి లేదా శరీరానికి 5, సస్పెన్షన్‌కు 2, ఇరుసులకు 2, గేరుబాక్సుకు 2, స్టీరింగుకు 2, ఇంజనుకు 1; కనీసం 8 వస్తే పాత నంబరు నిలుస్తుంది. అదే నమూనాకు చెందిన కొత్త శరీరాన్ని రశీదుతో చూపితే దానికీ 5 పాయింట్లు ఇచ్చేవారు. 2025 ఆగస్టులో ఆ నియమాలను పాత బండ్ల విషయంలో మరింత సడలించినారు. ఇంజనుకు అన్నిటికంటె తక్కువ విలువ ఇవ్వడం గమనించదగ్గది. ఇంజనే కారు ప్రాణమని మనం అనుకుంటాం; నియమం వ్రాసినవాడు దాన్ని మార్చుకొనే చొక్కాగా చూసినాడు.

ఇప్పుడు మన చట్టం. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మంచి పనే. 50 ఏళ్ళు దాటిన బండికి 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక నంబరు, 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ చెల్లుబాటు, మరల నమోదుకు 5,000. రోజువారీ వాడకం కూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. ఇంతవరకు చిక్కు లేదు. నిర్వచనంలో మాత్రం ఒక షరతు పెట్టినారు: బండి మూలరూపంలో ఉండాలి, ఛాసీలో గాని శరీరంలో గాని ఇంజనులో గాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు.

ఈ షరతు ఎవరిని ఉద్దేశించిందో తెలుస్తూనే ఉంది. పాత నంబరుపలక క్రింద కొత్త బండి కట్టి అమ్మే మాయగాళ్ళను. కాని వలలో ఎవరు పడతారో చూడండి. ప్రమాదంలో వంగిన చట్రాన్ని నిజాయితీగా మార్పించి, రశీదులు దాచుకొని, ఉన్నదున్నట్లు చెప్పిన ఇంటివారు పడతారు. అదే చట్రాన్ని సాపుచేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, నోరుమూసుకున్నవాడు తప్పించుకుంటాడు. రోడ్డు మీద ఏ బండి ప్రమాదకరమో వేరే చెప్పాలా? 'గణనీయం' అంటే ఎంతో తూచే కొలమానం కూడా ఆ నిర్వచనంలో లేదు. చూసే అధికారి మనసే తక్కెడ. ఆ వాక్యాన్నే గీటురాయిగా పెడితే, కోర్టు గుర్తించిన ఓల్డ్ నంబర్ వన్ కూడా మన దేశంలో నిలవడం కష్టం.

మార్చవలసింది పెద్దగా ఏమీ లేదు. అదే నమూనాకు తగిన భాగాలతో చేసిన ప్రమాద మరమ్మతును 'మార్పు' నుంచి మినహాయించాలి. ఏ సంవత్సరంలో ఏ ప్రమాదం జరిగింది, ఏ భాగం తీసివేసినారు, ఏది వేసినారు అన్నది నమోదుపత్రంలోనే వ్రాయించాలి. తీసివేసిన ఛాసీ ముక్క మీది నంబరును అధికారి సమక్షంలో కొట్టివేయిస్తే, అది మరొక బండికి అతికి రెండవ జన్మ ఎత్తే ప్రమాదమూ ఉండదు. వీలున్నవారు ఆ వంగిన ముక్కను ఇంట్లోనే, షెడ్డు గోడకు తగిలించి ఉంచుకోవాలని నా సలహా. కొనేవాడు వచ్చినా, మనుమడు అడిగినా, వేలుపెట్టి చూపించడానికి ఉంటుంది.