మార్కుల కంటే ముందు నిద్ర గురించి అడగండి

ఆదివారం హాస్టల్ నుంచి తమ్ముడో, చెల్లెలో ఫోన్ చేస్తే మనం మొదట అడిగేది ఏంటి? ‘వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయ్?’ అనే కదా! ఆ హాస్టళ్లు దాటొచ్చిన మనమే అలా అడిగితే ఇక అమ్మానాన్నల్ని ఏమనగలం?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఓ విద్యార్థిని మృతి కేసులో తీర్పిస్తూ, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనిపించాలి.

మంచిదే. కానీ కౌన్సెలర్ గది తలుపు పిల్లలే వచ్చి తట్టాలంటే కష్టం. మార్పు ముందుగా కనిపించేది రూమ్మేట్‌కి, ఇంట్లోవాళ్లకి. అందుకే గుర్తుపట్టడం మనకూ తెలియాలి.

పరీక్షల టెన్షన్ మామూలుగా పరీక్ష అయ్యాక తగ్గుతుంది. అలా కాకుండా నిద్ర, తిండి, చదువు, స్నేహాలు... వీటిలో మార్పు రెండు వారాలు దాటినా కొనసాగితే తేలిగ్గా తీసుకోవద్దు. కబుర్లు చెప్పేవాడు ‘ఊ’, ‘ఆఁ’లతో ఫోన్ పెట్టేయడం, ప్రతిదానికీ చిరాకు, కారణం దొరకని తలనొప్పి, కడుపునొప్పి కూడా సంకేతాలే. ఇష్టమైన వస్తువులు పంచేయడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాటలు వినిపిస్తే రెండు వారాలు ఆగొద్దు.

అప్పుడు ఏం చేయాలి? ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. సలహాలు ఆపి వినండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం ఒట్టేయొద్దు. ఒంటరిగా వదలకుండా ఇంట్లో పెద్దవాళ్లకు, డాక్టర్‌కు చెప్పండి. కేంద్రం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఎలా సాయం చేయాలో తెలియక మీరు చేసినా పలుకుతారు.

ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఈ సంకేతాలు మన పక్క మంచం మీదా కనిపించొచ్చు, మనలోనూ కనిపించొచ్చు. నంబరు అదే. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా, ఆ నంబరు గోడ మీద ఉందా? రేపే చూడండి. లేకపోతే అడగండి. అడగడానికి సుప్రీంకోర్టు తీర్పు ఉంది.