పర్యావరణ శాస్త్రంతోపాటు విధానాన్నీ బోధించాలి

వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ శాస్త్రం తప్పనిసరి పాఠ్యాంశంగా స్థిరపడి చాలా కాలమైంది. అన్ని స్థాయుల్లోనూ పర్యావరణ విద్య తప్పనిసరి కావాలని 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి డీన్ల కమిటీ సిఫారసుల మేరకు బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థులు పర్యావరణ అధ్యయనాన్ని విపత్తుల నిర్వహణతో కలిపి చదువుతున్నారు. కాబట్టి పాఠం లేదన్న ఫిర్యాదుకు తావు లేదు. ఆ పాఠం విద్యార్థిని ఏ పనికి సన్నద్ధం చేస్తున్నదన్నదే ఇక్కడ చర్చించవలసిన విషయం.

ప్రస్తుత బోధనలో జీవావరణ వ్యవస్థ నిర్వచనం, ఆహారపు గొలుసు, కాలుష్య రకాలు, ఓజోన్ పొర, జీవవైవిధ్యం వరుసగా వస్తాయి. చివరి అధ్యాయంలో చట్టాల జాబితా ఉంటుంది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974, వాయు కాలుష్య నివారణ చట్టం 1981, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986, జీవవైవిధ్య చట్టం 2002 అని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఆ చట్టం ఏ సమస్యకు జవాబుగా వచ్చింది, ఎవరు అమలు చేయాలి, అమలు ఖర్చు ఎవరు భరిస్తారు, దానివల్ల లాభపడేదెవరు, నష్టపోయేదెవరు అన్న ప్రశ్నలు పరీక్షలో రావు గనుక తరగతిలోనూ రావు. అయితే పట్టభద్రుడై మండలంలో అడుగుపెట్టిన నాటి నుంచి అతనికి ఎదురయ్యేవి ఈ ప్రశ్నలే.

పంజాబు చట్టం నేర్పే పాఠం

శాస్త్రాన్ని, విధానాన్ని విడదీసి చదివితే ఏమి కోల్పోతామో తెలుసుకోవడానికి పంజాబు భూగర్భ జల పరిరక్షణ చట్టం మంచి ఉదాహరణ. అక్కడ మే నెల ఎండల్లోనే వరి నాట్లు వేసేవారు. బాష్పీభవనం అత్యధికంగా ఉండే ఆ వారాల్లో పొలంలో నీరు నిలపడానికి గొట్టపు బావులే ఆధారం. భూగర్భ జలమట్టం ఏటేటా పడిపోతుండటంతో, జూన్ 10కి ముందు నాట్లు వేయరాదని 2009లో చట్టం చేశారు. జల శాస్త్ర దృష్టితో చూస్తే ఈ నిర్ణయం సహేతుకమైనదే.

కాని నాటు వెనక్కి జరిగితే కోత కూడా వెనక్కి జరుగుతుంది. ఆ ప్రాంతంలో అప్పట్లో సాగులో ఉన్న పూసా-44 వంటి రకాలు దీర్ఘకాలికమైనవి. అక్టోబరు చివరలో వరి కోసి, నవంబరులో గోధుమ విత్తాలంటే రైతుకు మిగిలే వ్యవధి చాలా తక్కువ. కంబైన్ హార్వెస్టరు వదిలివెళ్లిన కొయ్యకాళ్లను అంత తక్కువ సమయంలో తొలగించడానికి నిప్పు పెట్టడమే చవకైన మార్గమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్తర భారతంలో గాలులు మందగిస్తాయి. పొగ పైకి లేచి చెదిరిపోక నేలకు దగ్గరగా పేరుకుపోతుంది. నీటిని కాపాడటానికి చేసిన చట్టం గాలి సమస్యను తీవ్రం చేసిందని ఆ తరువాత అనేకమంది పరిశోధకులు వాదించారు.

పంట వ్యర్థాల దహనానికి ఈ చట్టమొక్కటే కారణమనడం సరికాదు. యాంత్రిక కోత, వరి-గోధుమ పంటల క్రమం, హామీ ఉన్న ధాన్యం సేకరణ అన్నీ కలిసి ఆ స్థితిని తెచ్చాయి. ఈ ఉదాహరణను భూగర్భ జల శాస్త్రవేత్త ఒక్కడే చూస్తే చట్టం మంచిదంటాడు, వాతావరణ శాస్త్రవేత్త ఒక్కడే చూస్తే చెడ్డదంటాడు. పూసా-44 కంటే సుమారు నెల ముందుగా కోతకు వచ్చే పి.ఆర్.-126 వంటి స్వల్పకాలిక రకాలను ముందుగానే విస్తరింపజేసి, తరువాత తేదీని నిర్ణయించి ఉంటే ఫలితం ఎలా ఉండేదన్న ప్రశ్న మాత్రం వ్యవసాయ శాస్త్రవేత్తే అడగగలడు. ఆ ప్రశ్న అడగడానికి రకం కాలపరిమితి తెలియాలి, చట్టంలోని తేదీ కూడా తెలియాలి.

మన బోరుబావి లెక్క

ఇదే పద్ధతిని మన నేలకు అన్వయించి చూద్దాం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అధిక భాగం గ్రానైటు వంటి కఠిన శిలా ప్రాంతం. అటువంటి చోట వర్షపాతంలో సుమారు పదో వంతు మాత్రమే భూగర్భానికి చేరుతుంది. వెయ్యి హెక్టార్ల విస్తీర్ణం, 700 మిల్లీమీటర్ల వర్షపాతం గల గ్రామాన్ని ఊహించుకుందాం. ఆ ఏటి పునర్భరణం దాదాపు 7 లక్షల ఘనమీటర్లు. తాగునీటికి, పశువులకు లక్ష ఘనమీటర్లు కేటాయిస్తే సాగుకు మిగిలేది 6 లక్షలు. యాసంగి వరికి 1200 మిల్లీమీటర్ల నీరు, అంటే హెక్టారుకు 12 వేల ఘనమీటర్లు అవసరమనుకుంటే 50 హెక్టార్లు పండుతాయి. 600 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే వేరుశనగ వంటి ఆరుతడి పంట అయితే 100 హెక్టార్లు పండుతాయి. వరి మడి నుంచి తిరిగి ఇంకే నీటిని కలిపితే ఈ అంతరం కొంత తగ్గుతుందేగాని చెరిగిపోదు.

ఇంతవరకు శాస్త్రం. రెండో సంవత్సరం విద్యార్థి కూడా చేయగలిగిన లెక్క ఇది. ఈ లెక్క చూపి ఆరుతడి పంట వేయమని చెప్పగానే రైతు ఎందుకు వేయడన్న ప్రశ్నతో విధానం మొదలవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైంది. అదనంగా తోడిన ప్రతి ఘనమీటరు నీటికి రైతు చెల్లించేది ఏమీ లేదు. వరి ధాన్యానికి మద్దతు ధరపై కొనుగోలు కేంద్రం ఊళ్లోనే ఉంది. వేరుశనగకు అటువంటి భరోసా లేదు, పైగా అడవిపందుల, కోతుల బెడద ఉంది. ఈ పరిస్థితుల్లో వరిని ఎంచుకున్న రైతుది అజ్ఞానం కాదు. మన ముందున్న విధానాల కింద అతను చేసిన లెక్క అది.

చట్టం లేదా అంటే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే మనం వాల్టాగా పిలిచే చట్టం, కొత్త బావికి అనుమతిని, రిగ్గుల నమోదును నిర్దేశించింది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వరాదన్నది. అయితే ఈ చట్టపు ప్రధాన దృష్టి కొత్త బావిపైన. ఉన్న బోరు ఏటా ఎంత తోడుతున్నదో మీటరు లేని చోట ఎవరికీ తెలియదు. ఒక శాఖ బోర్లను నియంత్రిస్తుండగా, మరొక శాఖ నీరు తోడటాన్ని ఉచితం చేస్తున్నది, ఇంకొక శాఖ నీరు ఎక్కువ తాగే పంటనే కొంటున్నది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే అభ్యాసం మన తరగతి గదిలో ఎక్కడా లేదు.

వేరొక దారి కూడా ఈ నేలలోనే ప్రయత్నించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో రైతు యాజమాన్య భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు నడిచింది. రైతులే వర్షపాతాన్ని, బావుల్లో నీటి మట్టాన్ని కొలిచి, యాసంగికి ముందు కూర్చుని పంటల నీటి బడ్జెట్టు వేసుకున్నారు. అందులో నిషేధం లేదు, జరిమానా లేదు. ఏ పంట వేయాలన్న నిర్ణయం ఎవరికి వారిదే. సమాచారం ఒక్కటే పంటల సరళిని ఎంతవరకు మార్చగలదు, బయటి తోడ్పాటు తొలగిన తరువాత ఆ కొలతలు ఏ గ్రామాల్లో నిలిచాయి, ఎందుకు నిలిచాయి అన్నవి పరిశోధక విద్యార్థులకు అమూల్యమైన అంశాలు.

ధర కూడా విధానమే

పర్యావరణ విధానమంటే అడవుల, కాలుష్య నియంత్రణ మండలి వ్యవహారమేనన్న భావన విద్యార్థుల్లో బలంగా ఉంది. ఎరువుల బస్తాపై ముద్రించిన ధర కూడా పర్యావరణ విధానమే. 2010 ఏప్రిల్‌లో పోషకాధారిత రాయితీ విధానం వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువులు దాని పరిధిలోకి వచ్చి వాటి ధరలు పెరిగాయి. యూరియా మాత్రం నియంత్రిత ధరలోనే మిగిలిపోయింది. 45 కిలోల యూరియా బస్తా ధర 266.50 రూపాయలైతే, 50 కిలోల డి.ఎ.పి. బస్తా ధర 1,350 రూపాయలు. సమతుల ఎరువుల వాడకంపై మనం ఎన్ని కరపత్రాలు పంచినా ఈ ధరలు రోజూ వేరొక సలహా ఇస్తున్నాయి. నత్రజని అధికమైన పైరులో చీడపీడల ఉధృతి, భూగర్భ జలాల్లో నైట్రేట్లు, నైట్రస్ ఆక్సైడు విడుదల గురించి బోధిస్తున్న మనం, ఆ గొలుసు మొదటి కొస ధరల నిర్ణయంలో ఉందని కూడా బోధించాలి.

అభ్యంతరాలు

విధానాల చర్చ రాజకీయాలకు దారితీస్తుందని, శాస్త్రవేత్త దానికి దూరంగా ఉండాలని కొందరు పెద్దలు అంటారు. ఈ జాగ్రత్త అర్థవంతమైనదే. ఉచిత విద్యుత్తు ఉండాలా వద్దా అన్నది ప్రజలు, వారి ప్రతినిధులు తేల్చవలసిన విషయం. కాని ఉచిత విద్యుత్తు కింద జలమట్టానికి ఏమవుతుంది, మీటరు పెడితే చిన్న రైతుపై ఎంత భారం పడుతుంది, బిందు సేద్యానికి రాయితీ ఇస్తే నీరు నిజంగా మిగులుతుందా లేక సాగు విస్తీర్ణం పెరిగి అదీ ఖర్చవుతుందా అన్నవి శాస్త్రం జవాబివ్వవలసిన ప్రశ్నలు. తీర్పు చెప్పకుండా పర్యవసానాలను చెప్పడం నేర్పవచ్చు. ఆ గీత ఎక్కడ ఉందో తెలియజేయడం కూడా బోధనలో భాగమే. మనం మౌనంగా ఉంటే నిర్ణయాలు ఆగవు. శాస్త్రం లేకుండా జరిగిపోతాయి.

క్రెడిట్లు ఇప్పటికే నిండిపోయాయన్నది రెండో అభ్యంతరం. ఇది నిజం. అందుకే కొత్త కోర్సు కోరడం లేదు. ఉన్న కోర్సులోని ప్రయోగ తరగతులను, చివరి సంవత్సరపు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమాన్ని వేరుగా వాడుకుంటే చాలు. బోధకులకు విధాన విశ్లేషణలో శిక్షణ లేదన్నది మూడోది. ఒక్క బోధకుడే అంతా చెప్పనక్కరలేదు. మృత్తికా శాస్త్ర, వ్యవసాయ ఆర్థిక, విస్తరణ విభాగాలు ఒకే అంశాన్ని కలిసి బోధించవచ్చు. భూగర్భ జల శాఖ అధికారిని, తహశీల్దారును ఒక పూట తరగతికి ఆహ్వానించవచ్చు.

చేయదగిన మార్పులు

మొదటిది, ప్రతి కళాశాల తన ప్రాంతానికి చెందిన ఒక సమస్యను ఏడాది పొడవునా అధ్యయన అంశంగా తీసుకోవాలి. కోస్తా కళాశాలలకు కొల్లేరు, ఆక్వా చెరువులు ఉన్నాయి. సీమ, తెలంగాణ కళాశాలలకు బోరుబావులు, పంట వ్యర్థాల దహనం ఉన్నాయి. రెండవది, ఆ అంశానికి సంబంధించిన చట్టాన్ని, ప్రభుత్వ ఉత్తర్వును గైడ్లలోని సారాంశంగా కాక మూలపాఠంలోనే చదివించాలి. ఉత్తర్వు భాష చదవడం రాని అధికారి, దానిని రైతుకు వివరించలేడు. మూడవది, గ్రామంలో ఉండే వారాల్లో ప్రతి విద్యార్థి బృందం ఆ గ్రామపు నీటి బడ్జెట్టును రైతులతో కలిసి తయారుచేసి, గ్రామసభ ముందు ఉంచి, ఒక ప్రతిని పంచాయతీకి అప్పగించాలి. తరువాతి ఏడాది బృందం అక్కడి నుంచే మొదలుపెడితే కొన్నేళ్లలో గ్రామానికి ఒక నమ్మదగిన రికార్డు ఏర్పడుతుంది.

నాలుగవది, పరీక్ష స్వరూపం మారాలి. ఓజోన్ పొర క్షీణతకు కారణాలు రాయమనే ప్రశ్నతోపాటు, జిల్లా కలెక్టరుకు రెండు పేజీల నివేదిక రాయమనే ప్రశ్న కూడా ఉండాలి. అందులో సమస్య, ఆధారం, రెండు మూడు ప్రత్యామ్నాయాలు, ప్రతి ప్రత్యామ్నాయం వల్ల ఎవరికి ఎంత నష్టమన్నది స్పష్టంగా ఉండాలి. నష్టపోయేవారి ప్రస్తావన లేని నివేదికకు పూర్తి మార్కులు ఇవ్వరాదు. అయిదవది, స్నాతకోత్తర స్థాయిలో క్షేత్ర ప్రయోగంపై వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథంలో ఒక చిన్న అధ్యాయం, ఈ సిఫారసు అమలు కావాలంటే ఏ ధర, ఏ నిబంధన, ఏ సంస్థ మారవలసి ఉంటుందో చర్చించాలి.

మన ప్రయోగశాలల నుంచి వెలువడిన మంచి సిఫారసులు ఎన్నో కరపత్రాలకే పరిమితమయ్యాయి. విస్తరణ లోపమని, రైతు అవగాహనా రాహిత్యమని మనం సరిపెట్టుకుంటూ వచ్చాం. సిఫారసుకు ఎదురుగా ఏ ధర, ఏ రాయితీ, ఏ నిబంధన నిలిచి ఉన్నదో పరిశీలించడం మొదలుపెడితే వాటిలో కొన్నింటికైనా దారి దొరుకుతుంది. వచ్చే పాఠ్యప్రణాళిక సవరణల వేళ అధ్యయన మండళ్లు ఈ ప్రతిపాదనలను చర్చకు తీసుకోవాలని, ఒక్క కళాశాలలోనైనా ఒక్క గ్రామపు నీటి బడ్జెట్టుతో ప్రారంభించి చూడాలని మనవి.