ముందు ఉద్యోగం తెచ్చుకోండి... నవల ఎక్కడికీ పోదు!

‘మేడమ్, నాకు కథలు రాయడం ఇష్టం. ఉద్యోగం వస్తే ఆ ఇష్టం చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది!’

బ్యాంకు పరీక్షల గురించి చెప్పడానికి ఒక డిగ్రీ కాలేజీకి వెళ్తే, చివరి బెంచీలోంచి ఒకమ్మాయి అడిగిన మాట ఇది. హాలంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ల వయసులో నన్ను పట్టి పీడించిన భయం కూడా అదే. ఆ రోజు రెండు ముక్కల్లో ఏదో చెప్పి వచ్చేశాను. అసలు జవాబు ఇక్కడ చెప్తాను. ఆ అమ్మాయిలాంటి వాళ్లు మీలో ఇంకా చాలామంది ఉంటారని నా నమ్మకం.

నేను బ్యాంకు ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తల్లిని. నా మొదటి ప్రేమ నవల మొదలుపెట్టింది నలభై నాలుగో ఏట. ‘ఈ వయసులో ప్రేమకథలేంటండీ?’ అన్నవాళ్లూ ఉన్నారు. ఆ నవలను ప్రచురణకర్త తిప్పి పంపారు. రెండోది ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. దాంతో నేనేమీ లక్షాధికారిని కాలేదు. అయినా ఆ నవల రాకపోయి ఉంటే నా జీవితంలో ఒక గది ఎప్పటికీ తాళం వేసే ఉండేది.

ఆలస్యమైతే అయిందేంటి?

పాతికేళ్లకే పేరు రాకపోతే ఇక రాదనుకుంటాం. డయానా గాబల్డాన్ సంగతి చూడండి. ఎకాలజీలో పీహెచ్‌డీ చేసి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసేవారు. ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. 1988లో, 36 ఏళ్ల వయసులో నవల మొదలుపెట్టారు. అచ్చు వేయించాలని కాదు, నవల ఎలా రాయాలో నేర్చుకుందామని! కొన్నాళ్లు భర్తకు కూడా చెప్పలేదు. పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లో నడిచే ఆ ప్రేమకథ ‘అవుట్‌లాండర్’ పేరుతో 1991లో వచ్చింది. 2014లో టీవీ సిరీస్ అయింది. ఇప్పుడు ప్రపంచమంతా చదువుతున్నారు. రాయడం మొదలుపెట్టాకే ఉద్యోగం మానేశారా అంటే, లేదు. పగలు ఉద్యోగం, పిల్లలు. అందరూ పడుకున్నాక నవల.

ఉద్యోగం శత్రువు కాదు

మన దగ్గరే చూడండి. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్. ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లో, ఆంధ్రా బ్యాంకులో పనిచేస్తూనే వారం వారం పాఠకుల్ని ఎదురుచూసేలా చేశారు. ఇక యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ గుర్తుందా? మీ అమ్మనో, అమ్మమ్మనో అడగండి, కథ మొత్తం చెప్తారు. అందులో నాయిక జయంతి ఒక ఆఫీసులో ఉద్యోగం చేసే అమ్మాయి. జీతం, ఆత్మాభిమానం, పైఅధికారి... వాటి మధ్యే ప్రేమ పుడుతుంది.

ఉద్యోగం ఇచ్చేది జీతం ఒక్కటే కాదు, మనుషుల్ని కూడా ఇస్తుంది. కౌంటర్ అవతల నిలబడి, భార్యకు తెలియకుండా గాజులు తాకట్టు పెట్టే మగవాణ్ని చూశాను. చనిపోయిన భర్త ఖాతాలో చివరి మూడొందలు తీసుకోవడానికి మనసొప్పక వెనక్కి వెళ్లిపోయిన పెద్దావిడను చూశాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు ప్రేమ గురించి తెలిసిందల్లా సినిమా పాటలే. ఆ పెద్దావిడే నా మొదటి కథానాయిక అయింది.

ఇంకో మాట. ఫస్టు తారీఖుకల్లా ఇంట్లో డబ్బులు ఇవ్వాల్సి ఉంటే, కథ పూర్తి కాకముందే అమ్ముకోవాలనిపిస్తుంది. జీతం ఉంటే ‘ఇది బాగా రాలేదు, మళ్లీ రాస్తా’ అనే ధైర్యం ఉంటుంది.

‘ప్రేమ నవలలేగా!’ అంటే...

అనేవాళ్లు అంటారు. అలాంటివాళ్లకు ఐడా కుక్ కథ చెప్పండి. లండన్‌లో ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా మొదలైన మనిషి. 1936 నుంచి మేరీ బర్చెల్ అనే కలం పేరుతో ‘మిల్స్ అండ్ బూన్’కు వందకు పైగా ప్రేమ నవలలు రాసింది. ఆ డబ్బుతో ఏం చేసిందో తెలుసా? అక్క లూయీస్‌తో కలిసి నాజీల చెర నుంచి 29 మందిని బయటపడేసింది. ఒపెరా చూడటానికి వచ్చిన పిచ్చి అభిమానుల్లా వారాంతాల్లో జర్మనీ వెళ్లేవాళ్లు. అక్క మాత్రం తన ఆఫీసు ఉద్యోగం మానలేదు. తక్కువ చేసి చూసే ప్రేమ నవలల డబ్బు అక్కడ ప్రాణాలు నిలబెట్టింది.

నేను చేసిన తప్పు

ఇదంతా విని ‘అయితే నలభై దాటాక చూద్దాం’ అనుకోకండి. నేను అలాగే అనుకున్నా. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇరవై రెండేళ్లు ఒక్క పేజీ రాయలేదు. టైమ్ లేక కాదు. రాస్తే పూర్తిగా రాయాలి, లేదంటే అసలు వద్దు అన్న మొండితనం. మళ్లీ కలం పట్టేసరికి చేయి పడిపోయినట్టయింది. పాత్రలు మాట్లాడటానికే ఆరు నెలలు పట్టింది. ఆలస్యంగా మొదలుపెట్టినందుకు నాకు బాధ లేదు. మధ్యలో పూర్తిగా వదిలేసినందుకే ఉంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. నేను రాసుకునే గంటను ఎవరో ఒకరు భరించారు. పొద్దున టిఫిన్ పని మావారు తీసుకున్నారు. పిల్లల పేరెంట్స్ మీటింగులు కొన్ని ఎగ్గొట్టాను, అది ఇప్పటికీ గుచ్చుతుంది. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోకుండా ‘అన్నీ మేనేజ్ చేసేస్తా’ అనుకుంటే మాత్రం చివరికి నవలో, నిద్రో, మనశ్శాంతో ఏదో ఒకటి పోతుంది.

ఇప్పుడే చేయాల్సినవి

లెక్క వేసుకోండి: మిల్స్ అండ్ బూన్ తరహా నవల సుమారు 50,000 పదాలు. రోజుకు 200 పదాలు, వారానికి ఐదు రోజులు రాస్తే 50 వారాల్లో అయిపోతుంది. పరీక్షలకు చదివేటప్పుడు రోజుకు 200 కుదరకపోతే, ఒక నోట్‌బుక్‌లో ఐదు వాక్యాలు చాలు. బస్సులో విన్న మాట, హాస్టల్లో జరిగిన గొడవ... ఏదైనా సరే.

ఆఫర్ లెటర్ చదవండి: వేరే పని చేయకూడదనో, మీరు తయారుచేసినవి కంపెనీకే చెందుతాయనో షరతు ఉంటే, సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌ను అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 1964 నాటి ప్రవర్తనా నియమాలు అప్పుడప్పుడూ చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటాయి. ఆఫీసు పని మాత్రం దెబ్బతినకూడదు.

హక్కులు తెలుసుకోండి: మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రచనపై హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లనే లెక్క. ప్రతిలిపి లాంటి యాప్‌లో పెట్టినా, పత్రికకు పంపినా, షరతులు చదవకుండా ‘ఓకే’ నొక్కకండి.

ఆ చివరి బెంచీ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇది: భయపడకు తల్లీ, పరీక్ష రాయి, ఉద్యోగం తెచ్చుకో. మొదటి జీతంతో ఇంట్లోవాళ్లకు చీరా చొక్కా కొన్నాక, మిగిలిన దాంట్లో ఒక మంచి నోట్‌బుక్ కొనుక్కో. నలభై నాలుగేళ్లకు నేను తాళం తీయడానికి చాలా తంటాలు పడ్డాను. నువ్వు ఆ తలుపు కాస్త తెరిచి ఉంచుకో, చాలు.