ఒంటి బాతు

ఇంటి ముందు కుక్క ఉంటే దొంగలు జంకుతారు. పెద్దబాతు ఉంటే చుట్టాలూ జంకుతారు. మెడ నేలబారుగా సాచి, బుసకొడుతూ వచ్చి పంచె అంచు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో విస్కీ గోదాములకు 1959 నుంచి అర్ధశతాబ్దం పాటు కాపలా కాసింది పెద్దబాతులే. కాకపోతే అక్కడ కాసింది మంద. మనవాళ్లు ముచ్చటపడి పెరట్లోకి తెచ్చుకునేది తరచూ ఒక్కదాన్నే.

ఆమదాలవలస పక్క పల్లెలో అడిగితే, ‘దానికేం లోటు? నూకలు, తవుడు, గెడ్డ గట్టున కావలసినంత పచ్చగడ్డి’ అంటారు. లోటు తెలియాలంటే అది మేసే తీరు చూడాలి. మందలో మిగిలినవి తలవంచి గడ్డి కొరుకుతుంటే ఒకటి మెడ నిక్కించి నాలుగు దిక్కులూ కనిపెడుతుంది. కాసేపటికి ఆ పని మరొకటి అందుకుంటుంది. ఒంటిదానికి ఈ వంతులు లేవు. రెండు పోచలు కొరికి తలెత్తుతుంది, మళ్లీ రెండు పోచలు. కడుపు నిండుతుందేమో గానీ ఆ మేతలో నిమ్మళం ఉండదు.

అలాగని అది ఒంటరితనానికి లొంగిపోయే రకం కాదు. ఎదురుగా ఎవరుంటే వారినే మందలో కలిపేసుకుంటుంది. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్‌కు ఇది అనుభవమే. గుడ్డులోంచి వస్తూనే ఆయన్ను చూసిన మార్టినా అనే పిల్లను ఓ పెంపుడు బాతు రెక్కల కింద పెడితే, అది ఏడుస్తూ ఆయన వెంటే పరిగెత్తుకొచ్చింది. రాత్రిళ్లు ఉండుండి సన్నగా పిలిచేది. నిద్రమత్తులోనైనా ఆయన బదులు పలకాల్సిందే. న్యూజీలాండ్‌లోని వైకనాయేలో థామస్ అనే బాతు ఓ నల్లహంసతో ఏళ్ల తరబడి జతకట్టి, ఆ హంసకు ఆడతోడు దొరికాక వాళ్ల పిల్లల్నీ సాకింది. 2018లో చనిపోయింది.

కాబట్టి బాతుకు సాటి బాతులు లేకపోయినా గడవొచ్చు, పలికే తోడు లేకపోతే గడవదు. పొద్దున్నే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో బండెక్కి విశాఖ వెళ్లి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి ఆ తోడు కాలేడు. పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడగా, పగలంతా వీధి అరుగు మీదే ఉండే పెద్దాయన కాగలడు. ఆ ఇంట్లో ఒంటి బాతును చూస్తే మాకంత జాలి కలగదు. ఆయన లేస్తే లేస్తుంది, చెరువుకెళ్తే వెంట నడుస్తుంది, ఆయన ఏదో అంటే ఇదీ ఏదో అంటుంది. అయితే పెద్దబాతు ఇరవై ఏళ్లు బతకగలదు. డెబ్బై దాటినాయనకు ఆ లెక్క చెప్పడానికి నోరు రాదు.

కొనేటప్పుడే రెండు కొనడం మేలు. ఇప్పటికే ఒంటిగా ఉన్నదానికి తోడు తెచ్చేవారు తొందరపడకూడదు. కొత్తదాన్ని అది పొడవవచ్చు. కొన్నాళ్లు మధ్యన తడిక కట్టి, ఒకదాని కంటికి ఒకటి ఆనేలా ఉంచితే మచ్చికవుతాయి. జత కుదిరాక మన వెంటపడటం తగ్గుతుంది. అన్నాళ్లూ సాకినవారికి మనసు కాస్త చివుక్కుమంటుంది. ఇరుగుపొరుగుకైతే ఒక గొంతుకు రెండు గొంతులవుతాయి.