ప్రార్థన కొండ – కాలువ గట్టు



1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు కొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు కొండమీద మోకరించి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. 1866లో క్లౌ దొరగారు వచ్చారు. 1876-78లో మహా కరవు వచ్చినప్పుడు ఆయన ప్రార్థనతో సరిపెట్టలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి పని, కూలి ఇచ్చారు.

మరి మనము? అప్పు తీరాలని ఉపవాసముంటాము, ఖర్చు తగ్గించుకోము. ఇంట సమాధానం కావాలని కన్నీళ్లు విడుస్తాము. మాటలు లేని తమ్ముని గడప తొక్కము. ఇది వ్రాస్తున్న మేమూ దీనికి మినహాయింపు కాము. పనిని దేవునికే వదిలేశామంటాము గాని, చాలాసార్లు అది విశ్వాసం కాదు, బిడియం.

నెహెమ్యా దేవునికి ప్రార్థన చేశాడు, కావలివారినీ నిలిపాడు. 52 దినాలలో యెరూషలేము గోడ పూర్తయింది.

మోకరించడం మానవద్దు. అయితే "ఆమేన్" అన్న తరువాత లేచి, ప్రభువు చూపిన ఒక్క అడుగు నేడే వేద్దాము. తమ్ముని గడప దగ్గర ఆయన మనకంటే ముందే ఉంటాడు.