ఎవరి కోసం తిరుగుతోంది ఆ ఫ్యాను?

ఈ నెల ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు చేసింది మా పాప అని వాళ్ళ క్లాసులో అందరూ అనుకున్నారు. దానికి అలా చెయ్యమని నేర్పింది మాత్రం నేను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం. స్కూలు బస్సు దిగిన పాప ఎప్పటిలా పరుగెత్తుకు రాలేదు. మంచు తడిసిన బూట్లతోనే వచ్చి సోఫాలో కూర్చుంది. పాలు కలిపి ఇస్తే ముట్టుకోలేదు. "ఏమైంది తల్లీ?" అని నాలుగుసార్లు అడిగాక నోరు విప్పింది.

"మా క్లాసులో చేపలు చచ్చిపోయాయమ్మా. నేనే చంపాను."

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. మేముండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. పాప నాలుగో తరగతి. జనవరిలో వాళ్ళ స్కూల్లో ప్రతి క్లాసు నుంచి ఇద్దరు పిల్లల్ని 'ఎనర్జీ పెట్రోల్' అని పెట్టారు. గది ఖాళీ అయినప్పుడు లైట్లు ఆర్పాలి, ప్రొజెక్టరు ఆపాలి. మనిషి లేకుండా లైట్లు వెలుగుతున్న గది కనిపిస్తే తలుపుకి ఏడుపు మొహం బొమ్మ ఉన్న చీటీ అంటించాలి. మెడలో ఆకుపచ్చ బ్యాడ్జి. అది వేసుకుని ఇంటికొచ్చిన రోజు పాప నడక చూడాలి! చిన్నప్పుడు క్లాసు లీడరైన రోజు మనం పడ్డ దర్జా అంతా అందులో ఉంది.

నిజం చెప్పాలంటే దానికంటే నాకే ఎక్కువ ఉత్సాహం వచ్చింది. నేను తెనాలిలో బీఎస్సీ ఎంపీసీ చదివాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళు. మొదట డిపెండెంటు వీసా, తరవాత ఇద్దరు పిల్లలు. ఓమ్ సూత్రం ఆఖరుసారి ఎప్పుడు రాశానో కూడా గుర్తు లేదు. అలాంటిది నా కూతురు వంటింట్లోకి వచ్చి "అమ్మా, వాట్ అంటే ఏమిటి? కిలోవాట్ అవర్ అంటే?" అని అడిగితే పొయ్యి మీద పులుసు ఆపేసి మరీ చెప్పాను.

ఇరవై ముప్పై డాలర్లకి ఒక చిన్న మీటరు దొరుకుతుంది. దాన్ని గోడ ప్లగ్గులో పెట్టి, దానికి మన వస్తువు తగిలిస్తే ఎన్ని వాట్లు లాగుతోందో చూపిస్తుంది. ఒక శనివారమంతా ఇల్లు కొలిచాం. ఆపేసి ఉందనుకున్న కేబుల్ బాక్సు 17 వాట్లు. మావారి పాత డెస్క్‌టాప్, మానిటరుతో కలిపి, ఎవరూ ముట్టుకోకుండా ఊరికే వెలుగుతూ 84 వాట్లు. నిద్రపుచ్చితే 3. తెర మీద స్క్రీన్ సేవర్ బుడగలు తేలుతున్నంతసేపూ ఆ 84లో చెప్పుకోదగ్గ తగ్గుదలే లేదు. పేరులో 'సేవర్' ఉంది కదా అని ఇన్నాళ్ళూ దాన్ని నమ్మాం!

ఆపినట్టే ఉండి లోపల్లోపల కరెంటు తాగే ఇలాంటి వాటిని ఇక్కడ వాంపైర్లంటారు. పాపకి ఆ పేరు తెగ నచ్చింది. ఇళ్ళలో వాడే కరెంటులో 5 నుంచి 10 శాతం ఇలా పోతుందని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల అంచనా.

అప్పుడే మా నాన్నగారి సంగతి చెప్పాను. చిన్నప్పుడు ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయన కోప్పడేవారు కాదు. గుమ్మంలో నిలబడి, "ఎవరి కోసం తిరుగుతోందమ్మా ఆ ఫ్యాను?" అని అడిగేవారు. మేం నాలిక కరుచుకుని పరుగెత్తి ఆపేవాళ్ళం. అమ్మ బాధ వేరు. యూనిట్లు దాటితే స్లాబు మారిపోతుందని నెలాఖరులో మీటరు చుట్టూ తిరిగేది. ఇదంతా పాపకి చెప్పి, "శుక్రవారం బస్సెక్కే ముందు మీ క్లాసులో ప్లగ్గులన్నీ చూసి ఆపేసి రా. రెండు రోజులు ఎవరూ ఉండరు కదా" అన్నాను.

పాప చెప్పింది చెప్పినట్టు చేసింది. కిటికీ కింద ఉన్న పవర్ స్ట్రిప్ ఎర్ర బటను నొక్కి వచ్చింది. దానికి పెన్సిల్ షార్పెనరు, స్పీకర్లు, చార్జర్లతో పాటు చేపల తొట్టి హీటరు, ఫిల్టరు కూడా తగిలించి ఉన్నాయి. తొట్టిలో ఆరు నియాన్ టెట్రాలు. అవి దక్షిణ అమెరికా వేడి నదుల చేపలు, నీళ్ళు 24, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే హాయిగా ఉంటాయి. శని, ఆదివారాల్లో స్కూలు హీటింగు కూడా తగ్గించేస్తారు. అదీ పొదుపు కోసమే. బయట చూస్తే మైనస్ పన్నెండు. సోమవారం పొద్దునకి ఆరింటిలో నాలుగు పోయాయి.

టీచరు గారు ఏమీ అనలేదట. ఒక పిల్లవాడు 'ఫిష్ కిల్లర్' అన్నాడట. పాప బ్యాడ్జి తీసి టీచరు బల్ల మీద పెట్టి వచ్చేసింది. "ఇంక నేనేదీ ఆపను. స్కూలుకీ వెళ్ళను" అంది. మావారు "పిల్లలన్నాక తప్పులు చేస్తారు, నాలుగు రోజులకి మర్చిపోతుందిలే" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాట్లు నేర్పాను గానీ, ఆ వాట్లు ఎవరి పని చేస్తున్నాయో చూడమని నేర్పలేదు.

మర్నాడు టీచరుకి మెయిలు రాసి, స్కూలు వదిలాక వస్తానన్నాను. ఇన్నేళ్ళయినా స్కూలు మీటింగుల్లో నేను నోరు తెరిచింది తక్కువ. నాది పుస్తకాల ఇంగ్లీషు, ఒక వాక్యం కూడగట్టుకునేలోపు వాళ్ళు ఇంకో విషయానికి వెళ్ళిపోతారు. అందుకని మాట్లాడే పని మావారికి వదిలేసేదాన్ని. ఆ రోజు కారులో కూర్చుని చెప్పాల్సింది రెండుసార్లు వల్లించుకుని, పాప చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను.

"తప్పు దానిది కాదండీ, నాది" అన్నాను. టీచరు గారు అంతా విని, "నాది కూడా. బ్యాడ్జి ఇచ్చాను గానీ ఏది ఆపకూడదో చెప్పలేదు" అన్నారు.

గది ఊడవడానికి వచ్చిన పెద్దాయన అప్పుడే చీపురు ఆపి నిలబడ్డారు. వాళ్ళని ఇక్కడ కస్టోడియన్ అంటారు. ఆ ఏడుపు మొహం చీటీలు ఎక్కువగా తనకే వస్తున్నాయని మెల్లగా చెప్పారు. ఆయన లైటు వేసుకుని ఒక గది తుడుస్తూ, బకెట్టులో నీళ్ళు మార్చడానికి వెళ్ళొచ్చేలోపు, సాయంత్రం దాకా ఉండే పిల్లలు వచ్చి తలుపుకి చీటీ అంటించి పోతున్నారట. "ఈ స్కూల్లో ఏ స్విచ్చు దేనిదో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంతవరకు నన్నెవరూ అడగలేదు" అన్నారు.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నాన్నగారి ప్రశ్నలో సగమే నేను పాపకి అందించాను. ఎవరి కోసం తిరుగుతోంది అని అడిగాక జవాబు కోసం ఆగాలి. ఎవరూ లేరంటే ఆపాలి. ఎవరైనా ఉంటే, అది చేపపిల్లైనా సరే, వదిలెయ్యాలి.

ఆ వారమే మూడు రంగుల చుక్కల స్టిక్కర్లు కొన్నాం. ఎర్ర చుక్క ఉంటే ఎవరూ ముట్టుకోకూడదు. చేపల తొట్టి, నర్సు గదిలో మందులుండే ఫ్రిజ్, ఇంటర్నెట్ పెట్టె అందులోకి వచ్చాయి. పసుపు చుక్క ఉంటే పెద్దవాళ్ళని అడిగి ఆపాలి. ఆకుపచ్చ అయితే ఎవరైనా ఆపొచ్చు. కస్టోడియన్ గారు గది గదికీ తిప్పి చూపిస్తే పిల్లలు చుక్కలు అంటించారు. రెండు సాయంత్రాల్లో పని అయిపోయింది. పాప మొదటి ఎర్ర చుక్క తొట్టి ప్లగ్గుకి అంటించి, దాన్ని బొటనవేలితో చాలాసేపు నొక్కి పట్టుకుంది.

కంప్యూటర్ గది తలుపు దగ్గర ఆయన ఆగి, "ఇవి రాత్రంతా వెచ్చగానే ఉంటాయి" అన్నారు. తెరలు నల్లగా ఉన్నాయి గానీ పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి. మా మీటరు పెట్టి చూస్తే ఒక్కొక్కటి 50 వాట్లు. మొత్తం 24 పెట్టెలు. మధ్యాహ్నం మూడున్నర నుంచి పొద్దున్న ఏడున్నర దాకా 16 గంటలు. పిల్లలే బోర్డు మీద లెక్క కట్టారు: ఒక్క రాత్రికి 19.2 యూనిట్లు. తెనాలిలో మా అమ్మ ఇంట్లో అది దాదాపు వారం వాడకం! టీచరు గారు ఆ లెక్కని ఫొటో తీసి కంప్యూటర్లు చూసే విభాగానికి పంపారు. అరగంట ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోయేలా వాళ్ళు మార్చారు. 1992లో ఎనర్జీ స్టార్ ముద్ర మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట వేసింది కంప్యూటర్లకు, మానిటర్లకే. నిద్రపోయే సదుపాయం వాటిలో ఎప్పటినుంచో ఉంది. ఎవరో ఒకరు అడగాలి, అంతే.

ఇంట్లో ఇంత జాగ్రత్తగా ఉండే మనం స్కూల్లో, ఆఫీసులో ఎందుకు పట్టించుకోం? బిల్లు మన పేరు మీద రాదు కాబట్టి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంటుంది. కానీ ఇల్లు కొన్నవాళ్ళం కట్టే ప్రాపర్టీ టాక్సులో పెద్ద భాగం స్కూళ్ళకే పోతుంది. పైగా ఒహాయోలో కరెంటు ఎక్కువగా గ్యాసు, బొగ్గు కాల్చి తీసేదే. ఆ పొగకి ఎవరి పేరు మీద బిల్లు వచ్చిందో తెలియదు కదా!

ఉద్యోగాలు చేసే మీకు కూడా ఇదే ప్రశ్న పనికొస్తుంది. పక్క వీధిలో ఉండే నా స్నేహితురాలు పోయిన జులైలో కూడా ఆఫీసుకి స్వెట్టరు పట్టుకెళ్ళేది. బల్ల కింద చిన్న హీటరు కూడా పెట్టుకుంది. అది 1,500 వాట్లు. పైన ఏసీ గదిని చల్లబరుస్తుంటే కింద హీటరు కాళ్ళని వెచ్చబరుస్తుంది. రెండింటికీ కరెంటు ఖర్చే. అలాంటి హీటర్లు ఆ వరసలో ఇంకో మూడున్నాయట.

మరి ఆ ఏసీ ఎవరి కోసం తిరుగుతోంది? దీనికి జవాబు నేను సరదాగా వెతికితే నిజంగానే దొరికింది. 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ అనే పత్రికలో ఇద్దరు డచ్ పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ఆఫీసు భవనాల్లో చల్లదనాన్ని లెక్కకట్టే పద్ధతి 1960ల నాటిదని, అందులో శరీరం పుట్టించే వేడికి ఆధారంగా తీసుకున్నది నలభై ఏళ్ళ వయసు, సుమారు 70 కిలోల బరువు ఉన్న మగమనిషినని, ఆడవాళ్ళ శరీరం అంత వేడి పుట్టించదని దాని సారాంశం. ఈ మాట చెప్తే నా స్నేహితురాలు పగలబడి నవ్వింది. తరవాత ఆరుగురు ఆడవాళ్ళు కలిసి భవనం చూసుకునేవాళ్ళకి మెయిలు రాశారు. 70 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 74కి మార్చారు. హీటర్లు ఇళ్ళకి వెళ్ళిపోయాయి. ఒక్కతే రాసి ఉంటే ఉలిపికట్టె అనేవారేమో, ఆరుగురు రాసేసరికి అది ఆఫీసు పని అయింది.

గల్ఫ్‌లో ఉన్న అక్కచెల్లెళ్ళకి ఏసీ గురించి నేను చెప్పేదేముంది? అయితే మన దేశంలో 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నిబంధన పెట్టారు. మీ ఆఫీసులో అది ఎంత దగ్గర మొదలవుతోందో ఒకసారి చూడండి.

ఇక అమ్మలం మనం స్వయంగా చేసేది ఒకటుంది. పిల్లల కోసం స్కూలు ముందు వరసలో కార్లు ఆపి ఇంజన్లు నడుపుతూ కూర్చుంటాం. పది సెకన్లకి మించి ఆగాల్సి వస్తే ఇంజను ఆపి మళ్ళీ వేసుకుంటేనే ఇంధనం మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఆ పొగ పీల్చేది బడి గేటు దాటి వచ్చే మన పిల్లలే. అలాగని గడ్డకట్టే చలిలో వెనక సీట్లో చంటిపిల్ల ఉంటే ఆపమని నేననను. అది ఎర్ర చుక్క.

మీ పిల్లల స్కూల్లో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే నేను రెండే చెప్తాను. ముందు అక్కడి కస్టోడియన్‌ని పలకరించండి, భవనం సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తరవాత పిల్లల చేతికి చీటీల కంటే ముందు మీటరు ఇవ్వండి. చీటీతో తప్పులు పట్టడం వస్తుంది, మీటరుతో లెక్క వస్తుంది.

టీచరు గారు పాపకి బ్యాడ్జి తిరిగి ఇచ్చారు. అది వారం రోజులు సంచిలోనే ఉంది, తరవాత మెడలోకి వచ్చింది. మిగిలిన రెండు చేపలూ బాగున్నాయి. ఇప్పుడు పాప ఏ స్విచ్చు దగ్గరికి వెళ్ళినా ముందు గదిలోకి తొంగి చూసి, "ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. బాత్రూములో మావారున్నా లైటు ఆర్పేసే అలవాటు ఆ విధంగా పోయింది!

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఈ కథంతా నాన్నగారికి చెప్పాను. మీ ప్రశ్న సగమే నేర్పానండీ అంటే నవ్వారు.

"నేను అడిగింది జవాబు కోసమేనమ్మా. మీరే ఆగకుండా పరుగెత్తి ఆపేసేవాళ్ళు. ఒక్కోసారి లోపల మీ బామ్మ పడుకుని ఉండేది."

వచ్చే నెల కలుద్దాం.